కథలో ఆట: లెక్కకు రాని పణము

1. విషయప్రవేశము

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి - ఈ మూడు పట్టణములును నేడు కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్ళాపుర జిల్లాకు చెందినవి. 2007వ సంవత్సరమున ఆ జిల్లా ఏర్పడుటకు పూర్వము ఇవి కోలారు జిల్లాలోనివి. ఈ పట్టణములలోను, చుట్టునుగల పల్లెలలోను తెలుగు ఇంటిమాటగా నిలిచియున్నది. కచేరీ వ్యవహారము కన్నడమున నడచును. పిల్లలలో పెక్కురు కన్నడమునో, ఇంగ్లీషునో బడిలో నేర్తురు. అయినను వాకిటను, పొలముగట్టునను, సంతలోను తెలుగు వినవచ్చును. చింతామణికి చేరువనున్న కైవారమే ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని వధించినది అచ్చటనే యనియు స్థలపురాణము. తాతయ్య యని జనులు భక్తితో పిలుచు నారేయణ యోగి తెలుగునను, కన్నడమునను రచనలు చేసినదియు ఆ కైవారముననే. కావున ఈ సీమవారికి భారతకథ పుస్తకములోని పరాయి కథ కాదు; ఊరి కొండకు అంటుకొనియున్న కథ.

ఇట్టి సీమలో తిరునాళ్ళకు భారతనాటకము లాడునపుడు ఒక సంగతి గమనింపదగినది. తెల్లవార్లు సాగు నాటకమున ప్రేక్షకుడు కొన్ని పద్యములకు తలయూచును, కొన్నిచోట్ల కునుకును. జూదఘట్టము వచ్చెనా, కునుకువాడు లేచి కూర్చుండును. ఫలిత మేమగునో వానికి తెలియును. వాని తాతకును తెలియును. తెలిసిన ఓటమిని మరల చూచుటకు మేల్కొనుట ఏల? పాచికలు దొర్లుట గొప్ప దృశ్యమా? కాదు. గదాయుద్ధము అంతకంటె చూడముచ్చటైనది. అయినను గదాయుద్ధమున కంటె జూదమున సభ నిశ్శబ్దమగును.

ఈ నిశ్శబ్దమునకు కారణ మెరిగినచో కథకు లెవ్వరికైనను ఉపకరించు ఒక సూత్రము లభించును. కథలోని సన్నివేశమునకు ఆట ఎట్లు బలము నిచ్చును, ఎప్పుడు ఇయ్యజాలదు అను విషయమును ఆంధ్రవాఙ్మయమునుండియు, పొరుగు సాహిత్యములనుండియు కొన్ని ఉదాహరణములతో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

2. ఆట ఇచ్చునవి, ఇయ్యనిది

ఏ ఆటయైనను కథకునకు మూడింటిని ఉచితముగా నిచ్చును. మొదటిది నియమము. చెడుగుడున కూత ఆగినచో ఆట చచ్చెనని ఏ పిల్లవాడైనను ఎరుగును. కథకుడు వివరింపకయే పాఠకుడు న్యాయాన్యాయములను కనిపెట్టుచు కూర్చుండును. రెండవది వంతు. ఒకడు ఎత్తు వేయగా రెండవవాడు ఆలోచించును. ఆ నడిమి నిశ్శబ్దమున మాటలు పుట్టును, కన్నులు తిరుగును, చేయి వణకును. వట్టి సంభాషణమున ఇట్టి విరామములను కథకుడు బలవంతముగా కల్పింపవలసియుండును. మూడవది ఒడ్డు. ఒడ్డినది ఒకటి యున్నచో పోవునా, నిలుచునా అను ఉత్కంఠ తానై కలుగును.

అయితే ఈ మూడును వీథిలోని ఆటయందును ఉన్నవి. వీథిలోని ఆట యెల్ల కథ కాలేదు. నాలుగవది ఒకటి కావలెను. దానిని ఆట ఇయ్యజాలదు, కథకుడే తేవలెను. అది లెక్కకు రాని పణము. ఆడువారు బల్లమీద ఒడ్డిన దొకటి. ఒడ్డుచున్నామని తెలియకయో, తెలిసియు చెప్పకయో ఒడ్డినది మరియొకటి. మొదటిదానిని పాచిక లెక్కించును, రెండవదానిని పాఠకుడు లెక్కించును. గెలిచినవాడు ఏమి గెలిచెనో, ఓడినవాడు ఏమి కోల్పోయెనో ఆటలెక్క పూర్తిగా చెప్పలేనపుడే ఆ సన్నివేశము కథను మోయగలదు. ఈ మాటకు ఉదాహరణములు మహాకావ్యములనుండి పల్లెపదములవరకు కానవచ్చును.

3. సభాపర్వము: వరుస తప్పిన ఒడ్డు

నన్నయ భట్టారకుడు 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని ప్రోత్సాహమున తెనిగించిన సభాపర్వమున ద్యూతము ఒక మెట్లవరుసగా సాగును. ధనము పోవును, వాహనములు పోవును, రాజ్యము పోవును. అంతవరకు అది జూదరి కథ. పిదప ధర్మజుడు తమ్ముల నొక్కొక్కరిని ఒడ్డును, తన్ను ఒడ్డును, చిట్టచివర ద్రౌపదిని ఒడ్డును. ఇచ్చట కథనమునకు ప్రాణమైనది పాచిక పడిన తీరు కాదు, ఒడ్డిన వరుస. ధర్మజుడు తాను ముందు ఓడెనా, ద్రౌపదిని ముందు ఒడ్డెనా?

సభలోని పెద్ద లెవ్వరును అడుగని ఈ ప్రశ్నను అంతఃపురమునుండి ద్రౌపది అడిగించును. ఆ ఒక్క ప్రశ్నతో అంతవరకు జరిగిన ఆట యంతయు వెనుకకు తిరిగి కొత్త అర్థమును పొందును. తన్ను తాను ఓడినవానికి మరియొకరిని ఒడ్డు అధికారము కలదా? ఆటనియమమునకు సంబంధించిన చిన్న సందేహము సభాధర్మమునకు సంబంధించిన మహాప్రశ్నయైనది. భీష్ముడు దానిని తేల్చలేకపోయెను. వికర్ణు డొక్కడు నోరు తెరచెను. పాచికలకు తెలిసిన లెక్కలో పాండవులు రాజ్యము నోడిరి. పాచికలకు తెలియని లెక్కలో కురుసభ తన మర్యాదను ఓడినది. ప్రేక్షకుడు కునుకు మాని కూర్చుండుట ఈ రెండవ లెక్కకొరకు.

దీనినిబట్టి కథకుడు గ్రహింపవలసినది స్పష్టము. ఆటలో ఏది ముందు, ఏది వెనుక అను వరుసను పాఠకునకు స్పష్టముగా చూపవలెను. వరుస స్పష్టమైననే దానినుండి వివాదము పుట్టును. వివాదము పుట్టిననే పాత్రలు తమ అసలు రూపమున బయటపడును. కలహమును మాత్రము వర్ణించి, వరుసను మసకగా విడిచిన కథలో పాఠకుడు అరపులు వినును గాని పక్షము వహింపలేడు.

రంగస్థలమున ఈ ఘట్టమునకు కలిగిన మార్పు విమర్శింపదగినది. శకుని పాచికలు వాని తండ్రి యెముకలతో చేసినవనియు, వాడు చెప్పినట్లు పడుననియు జనులలో నొక కథ కలదు. వ్యాసభారతమున అది లేదు; అందు శకుని కపటమెరిగిన నేర్పరి, ధర్మజుడు ఆటయందు ప్రీతియేగాని నేర్పులేనివాడు. ఎముకల కథవలన శకునికి బలమైన పగ, దానితో పాత్రకు లోతు లభించినవి. శకుని వేషధారికి చప్పట్లును లభించినవి. నష్టమేమనగా పాచిక మంత్రించినదైనచో ధర్మజుని తప్పు పలుచనగును. పిలిచిన జూదమునకు పోకుండుట తగదను నియమమును చాటుగా చేసికొని తన వ్యసనమును తీర్చుకొన్నవాడు కేవలము మోసపోయిన అమాయకుడుగా మిగులును. ఆటలో ఫలితము ముందే కట్టివేయబడినదని పాఠకునకు చెప్పివేసినచో, ఆడువాని బాధ్యత కథనుండి జారిపోవును. జానపదకథ శకునిని పెంచి ధర్మజుని తగ్గించినది. ఏది కావలెనో కథకుడు తెలిసి ఎన్నుకొనవలెను.

అరణ్యపర్వములోని నలోపాఖ్యానమున దీనికి జవాబువంటి సన్నివేశము కలదు. పుష్కరునితో జూదమాడి రాజ్యము కోల్పోయిన నలుడు, బాహుకుడను పేర ఋతుపర్ణునకు సారథియై రథము తోలుచుండును. దారిలో ఒక తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఋతుపర్ణుడు చూచినంతనే లెక్క చెప్పును. నలుడు రథము నిలిపి, చెట్టును కూల్చి లెక్కించి చూచును, సరిపోవును. అచ్చటనే అక్షహృదయమును నేర్చి, ప్రతిగా అశ్వహృదయమును ఇచ్చును. ప్రాచీనకాలమున తాండ్రకాయలే పాచికలుగా ఉపయోగపడినవని గుర్తుంచుకొన్నచో ఈ చెట్టు ఊరక వచ్చినది కాదని తెలియును. జూదమున పోయినది జూదపుబల్లకు దూరమున, నడిదారిలో, ఒక చెట్టుక్రింద తిరిగి దొరకుటకు ఆరంభమైనది. ఆటను చూపకయే ఆటయొక్క బలమును కథలోనికి తెచ్చుట ఇట్లు.

4. విరాటపర్వము: ఆటవిడుపున కారిన నెత్తురు

చిత్రావతి, పాపఘ్ని, ఉత్తరపినాకిని నందికొండల ప్రాంతముననే పుట్టుచున్నను, ఏడాది పొడుగున పారు నది యొక్కటియు లేని జిల్లా ఇది. వానలు లేనపుడు విరాటపర్వము చదివించు ఆచారము తెలుగువారిలో ప్రసిద్ధము. వానకొరకు విన్నవారు ఆ పర్వములో ఒక గొప్ప క్రీడాసన్నివేశమును గూడ వినియుందురు.

తిక్కన తెలుగుచేసిన ఆ కథలో ధర్మరాజు కంకుడను పేర విరటుని కొలువున ఉండును. జూదమున సర్వస్వము పోగొట్టుకొన్నవాడు జూదపు నేర్పునే కూటికి ఆధారముగా చెప్పుకొని బ్రదుకుటయే ఒక విషాదహాస్యము. ఉత్తరుడు కౌరవులను జయించెనను వార్త రాగా విరటుడు ఉబ్బిపోయి కంకుని ఆటకు పిలుచును. ఉబ్బినవానితో ఆడరాదనియు, ధర్మజుడు జూదమున రాజ్యమునే పోగొట్టుకొనెననియు కంకుడు హెచ్చరించును. తన కథను తానే పరునికథవలె చెప్పుకొనుట! విరటుడు వినడు. ఆట సాగును. రాజు కుమారుని పొగడును. కంకుడు బృహన్నల సారథియైన గెలుపు తప్పదనును. రాజు మరల కుమారుని పొగడును. కంకుడు మరల బృహన్నల పేరెత్తును. కోపము పట్టలేక రాజు పాచికతో కంకుని మొగమున కొట్టును. నెత్తురు నేలబడకుండ సైరంధ్రి పాత్ర పట్టును.

ఈ సన్నివేశమున ఎవరు గెలిచిరో ఎవరికిని జ్ఞాపకముండదు, ఉండనక్కరలేదు. బల్లమీది పణము స్వల్పము. లెక్కకు రాని పణము అజ్ఞాతవాసపు గుట్టు, విరటుని ప్రాణము, పాండవుల ఓర్పు. పాచిక ఎత్తివేయుటకైన వస్తువు విసరుటకైన ఆయుధమైన ఆ క్షణమున ఆట ముగిసి కథ మొదలగును. సభాపర్వమున పాచిక ధర్మజుని సొమ్ము తీసికొన్నది, విరాటపర్వమున నెత్తురు తీసికొన్నది. ఒకే వస్తువును రెండుమారులు రెండువిధముల వాడుట కథనిర్మాణమున పెద్దపాఠము. మొదటి జూదమును ఎరుగనివానికి రెండవ దెబ్బ వట్టి దెబ్బ. ఎరిగినవానికి అది పదుమూడేండ్ల బరువుగల దెబ్బ.

5. పలనాడు: కోడిపోరు, బొంగరము

శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపద పల్నాటివీరచరిత్రలోను, వీరవిద్యావంతులు పాడు కథలలోను రెండు ఆటలు వచ్చును. మొదటిది కోడిపోరు. నాయకురాలు నాగమ్మ పక్షమునకును బ్రహ్మనాయుని పక్షమునకును జరిగిన ఆ పందెములో ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ఒప్పందము. బ్రహ్మనాయుని పక్షము ఓడి వలసపోవును. ఇది భారతద్యూతమునకు ప్రతిబింబమని వేరుగా చెప్పనక్కరలేదు. రాజ్యము పణమని ముందే అందరకును తెలియును, ఒడ్డు బాహాటము. కథకు ఇది మలుపే, కాని సన్నివేశముగా దీని బలము ఒడ్డు యొక్క పెద్దతనముమీదనే ఆధారపడియున్నది.

రెండవది బాలచంద్రుని బొంగరాల ఆట. కారెమపూడి రణరంగమునకు పెద్దలందరును తరలిపోగా, తల్లి ఐతమ్మ కొడుకును యుద్ధమునకు పోనీయక ఇంట నిలుపుకొన్నది. కుఱ్ఱడు తోడివారితో బొంగరము లాడుచుండ, బొంగరము జారి అన్నమ్మయను వైశ్యకాంత కాలికి తగులును. ఆమె నొప్పితో మందలించుచు, తండ్రియు బంధువులును పోరున నుండగా ఇచ్చట ఆటలాడుచున్నాడని దెప్పును. ఆ మాట బాలునకు ములుకై, వాడు తల్లిని, ఇల్లాలిని విడిచి రణమునకు పోవును.

ఇచ్చట పందెము లేదు, పణము లేదు, గెలుపోటములు లేవు. అయినను కోడిపోరుకంటె ఈ బొంగరమే హృదయమును తాకును. ఏలయన కోడిపోరులో రాజ్యము పోయినది, బొంగరములో బాల్యము పోయినది. రాజ్యము ఒడ్డబడినదని అందరకును తెలియును; బాల్యము ఒడ్డబడినదని బొంగరము విసరినవానికే తెలియదు. కొడుకు ఆటలో మునిగియున్నచో యుద్ధము మరచునని తల్లి యెంచినది. ఆ ఆటయే కొడుకును యుద్ధమునకు పంపినది. అడ్డుగా పెట్టిన వస్తువే ద్వారమగుటకంటె కథకుడు కోరదగినదేమి? పెద్ద పందెముంటేనే పెద్ద సన్నివేశమగునను అపోహను ఈ చిన్న బొంగరము పోగొట్టుచున్నది.

6. పొరుగింటి నెత్తము: పంపకవి

కర్ణాటకాంధ్రుల దృష్టికి ప్రత్యేకముగా తేదగినది పంపకవి సన్నివేశము. పంపడు 941వ సంవత్సరమున విక్రమార్జునవిజయమును రచించెను. వానికి ఆశ్రయమిచ్చిన రెండవ అరికేసరి నేటి తెలంగాణములోని వేములవాడను ఏలినవాడు. పంపని తమ్ముడు జినవల్లభుని కుర్క్యాల శాసనమున సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములును కలవు. ఒక్క ఇంట రెండు భాషలు మెలగుట నేటి చింతామణికి మాత్రమే పరిమితమైన విశేషము కాదన్నమాట.

ఆ కావ్యమున శ్రీకృష్ణుడు కర్ణునకు జన్మరహస్యము తెలిపి పాండవులవైపు రమ్మనగా, కర్ణుడు దుర్యోధనుని విడువలేకపోవుటకు కారణముగా ఒక పాత సంఘటనను స్మరించును. భానుమతితో ఆడిన నెత్తము, పణము విషయమున పెనుగులాట, తెగిన హారము, రాలిన ముత్యములు. అనుమానింపక ముత్యము లేరవలెనా యని మాత్రము అడిగిన దుర్యోధనుడు. భానుమతితో ఆడినది ఎవరు, హారమును లాగినది ఎవరు అనుదానిమీద కన్నడపండితులలో పెద్ద వివాదము జరిగినది. పద్యము అంత బిగువైనది.

తెలుగునను నెత్తమనగా పాచికలాటయే. ఒక్క పద్యములోని ఈ నెత్తమున పణమైన ముత్యములు లెక్కకు వచ్చునవి. నమ్మకము లెక్కకు రానిది. ముత్యములు చెదరిన చప్పుడే వినబడును, నమ్మకము చెదరకపోయిన సంగతి మౌనముగా తెలియును. ఆటను జరుగుచుండగా చూపక, ఎన్నో యేండ్ల తరువాత ఒకని నోట జ్ఞాపకముగా చెప్పించుటచే దాని విలువ ఇంకను హెచ్చినది. కర్ణుని ఋణమునకు అంగరాజ్యముకంటె ఈ రాలిన ముత్యములే బలమైన సాక్ష్యము.

7. ఆధునిక రచనలు

గురజాడ అప్పారావు కన్యాశుల్కమున (సమగ్రరూపము 1909) మధురవాణి యింట పేకాట సాగు ఘట్టము కలదు. ముక్కలు పంచుట, వేయుట, కసురుకొనుట - వీని నడుమ ఊరి పెద్దమనుష్యుల బండారము బయటపడును. ఆటలో మునిగినవాడు మాటపై కాపలా తగ్గించును. నాటకకర్త ఆ కాపలాలేని మాటలను ఏరుకొనును. పేకముక్కల లెక్కలో పోవునది చిల్లర. లెక్కకు రాక పోవునది పెద్దరికము.

ప్రేమ్‌చంద్ 1924లో ప్రకటించిన చదరంగపు ఆటగాండ్ర కథలో ఇద్దరు లక్నో జాగీర్దారులు ఎత్తులు వేయుచుండగనే అయోధ్యా నవాబు రాజ్యమును ఇంగ్లీషువారు వశపరచుకొందురు. 1856 నాటి ఆ చరిత్రను రచయిత చదరంగపు గుడ్డ అంచున నిలిపెను. నిజమైన రాజు బందీయై పోవుచుండ కన్నీరు రాల్పనివారు, కర్రమంత్రికొరకు కత్తులు దూసి ఒకరినొకరు చంపుకొందురు. పుష్కిన్ 1834లో ప్రకటించిన ఇస్పేటురాణి కథలో హెర్మన్ ఇతరుల పేకాటను రాత్రులెల్ల చూచును గాని ముక్క ముట్టడు. మూడు ముక్కల రహస్యము దొరకిన పిదప మాత్రమే ఆడును. రెండు గెలిచి, మూడవనాడు ఆసుకు బదులు రాణి చేతికి వచ్చి సర్వము పోవును, పిదప మతియును పోవును. దేశములు వేరు, ఆటలు వేరు, సూత్రమొక్కటే. బల్లమీద లేనిదే పోయినది.

8. బలహీనమైన క్రీడాసన్నివేశములు

ఈ ఉదాహరణముల వెలుగున చూచినచో, పత్రికలలో తరచు కనబడు క్రీడాసన్నివేశముల లోపములు మూడువిధములుగా తేలును.

ఒకటి, అలంకారక్రీడ. సంక్రాంతి కథయనగానే కోడిపందెము, పల్లె కథయనగానే గోలీలాట వచ్చును. కథ దానివలన ఒక్క అడుగైనను కదలదు. ఆ పేరాను తీసివేసినచో ఎవరికిని నష్టము లేదు. రెండవది, కడపటి బంతి విజయము. క్రికెట్టులోనో, చెడుగుడులోనో కథానాయకుడు చివరి క్షణమున గెలుచును. గెలుపుతో కథలోని చిక్కులన్నియు తీరిపోవును. ఆటలెక్కయే కథలెక్కయైనందున పాఠకునకు లెక్కించుటకు ఏమియు మిగులదు. మూడవది, నియమములను బోధించు సన్నివేశము. రచయిత ఆట తెలిసినవాడై, పాఠకునకు తెలియదని భయపడి, ఎత్తుకు ఎత్తు వివరించును. అది ఆటల పుస్తకమగును. ఒక్క నియమము చెప్పి, ఆ ఒక్కదానిమీదనే కథను త్రిప్పుట మేలు. భారతమున సంపూర్ణముగా పాచికలాట ఎట్లాడవలెనో తెలియదు. ఓడినవాడు ఒడ్డవచ్చునా అను ఒక్క నియమము మాత్రము తెలియును. అదియే చాలినది.

9. ఈ సీమ ఆటలు, ఈ సీమ మాట

చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల కథకునకు ఈ సూత్రము మరియొక కారణమువలన అవసరము. ఈ సీమవాడు తెలుగున కథ వ్రాయబూనినపుడు రెండు భయములు వానిని పట్టుకొనును. ఇంటిమాట వ్రాసినచో కన్నడము కలిసిన తెలుగని కోస్తావారు నవ్వుదురేమో యను భయమొకటి. పుస్తకపు తెలుగు వ్రాసినచో తన తల్లికే తెలియదను భయము మరియొకటి. ఈ రెంటి నడుమ పాత్రలు పాఠ్యపుస్తకముల మాటలాడి నిర్జీవములగును.

ఆట ఈ చిక్కును విప్పగలదు. ఆడువాడు భాషను సరిచూచుకొనడు. వంతు కొరకు కలహించునపుడు, తొండి చేసినవానిని నిలదీయునపుడు నోట వచ్చునది ఇంటిమాటయే. బొంగరమునకు కన్నడమున బుగురి యందురు. బిళ్ళంగోడునకు చిన్నిదాండు, వామనగుంటలకు అళిగుళిమణె. రెండు భాషల ఇరుగుపొరుగు పిల్లలు ఆడుచోట ఏ పేరు ఎవరు పలికిరో, ఎప్పుడు ఒక పేరు విడిచి మరియొక పేరు పట్టిరో చూపినచో రచయిత సీమాంతజీవితముపై ఉపన్యాసము వ్రాయనక్కరలేదు.

దృష్టాంతముగా పులిజూదమును తీసికొనవచ్చును. రచ్చబండలపైని, పాతగుడుల రాతిచట్టములపైని గీతలు చెక్కి ఆడు ఆట ఇది. ఒక తీరున మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకమీదుగా ఖాళీచోటికి దుమికినచో మేక చచ్చును. మేక పులిని చంపజాలదు. అన్నియు కలిసి కదలనీయక కట్టివేయవలెను. ఇరుపక్షములకును బలము సమము కాదు, నియమమును ఒక్కటి కాదు. ఇట్టి ఆట కథకునకు నిధి.

అన్నదమ్ము లిద్దరు కలరనుకొందము. బోరుబావికి చేసిన అప్పు తీర్చుటకు మల్బరితోట అమ్మవలెనని తమ్ముని పట్టు. అన్నకు ఇష్టములేదు, చెప్పలేడు. ఇద్దరును గుడికట్టమీద రాళ్ళు ఏరి కూర్చుందురు. చిన్ననాటినుండి తమ్ముడు పులులు కోరును, అన్న మేకలు తీసికొనును. అది ఇంటి అలవాటు. తమ్ముడు అలవాటుగా మూడురాళ్ళకు చేయి చాపగా అన్న ఆ చేతిని మెల్లగా తొలగించి, "ఈ పొద్దు పులులు నాకుండనీరా" అనును. అంతే. తోట మాట ఎవ్వరును ఎత్తలేదు. తమ్ముడు మేకలు పేర్చుట ఎట్లో తెలియక మొదటి రాయి చేతబట్టుకొని కూర్చుండును. నలువదేండ్లుగా అన్న ఏ వైపున కూర్చుండెనో వానికి అపుడు తెలియును. ఎవరు గెలిచిరో చెప్పుటకు ముందే కథకుడు లేచిపోవచ్చును.

ఈ చిన్న సన్నివేశమున నియమము కలదు, వంతు కలదు. ఒడ్డు లేదు. లెక్కకు రాని పణము మాత్రము నిండుగా కలదు. దీనిని వ్రాయుటకు కావలసినవి రెండే: పులిజూదము ఎరిగియుండుట, "ఈ పొద్దు" అనుటకు సిగ్గుపడకుండుట.

10. ఉపసంహారము

పై పరిశీలనవలన తేలినది ఇది. ఆట కథకు అలంకారము కాదు, పరీక్షాస్థలము. నియమము, వంతు, ఒడ్డు ఆటనుండి వచ్చును. లెక్కకు రాని పణము కథకుని హృదయమునుండి రావలెను. ద్రౌపది ప్రశ్న, కంకుని నెత్తురు, బాలచంద్రుని బొంగరము, భానుమతి ముత్యములు - ఇవి నిలిచినది అందువలననే.

పులిజూదపు గీతలు పాతరాళ్ళమీద అరిగిపోవుచున్నవి, ఆడువారు తగ్గుచున్నారు. ఆట పోయినచో దానితో ఆటమాటయు పోవును. తొండి, వంతు, ఓటమి, పోటీలకు ఇంటిలోనున్న తెలుగును ఈ సీమ పిల్లలు ఏ బడిలోను నేర్వజాలరు. సంఘములు ఆటల పోటీలు పెట్టి వానిని కొంత నిలుపవచ్చును. కాని పోటీ ముగియగానే మాట గాలిలో కలియును. కథలో పడిన మాట నిలుచును. కైవారపు తాతయ్య పదములు ఈ సీమ తెలుగును భక్తికి పనికివచ్చునదిగా చేసినవి. అన్నదమ్ములు రాళ్ళు పంచుకొను వేళ పుట్టు తెలుగు కథకును పనికివచ్చునని చూపుట ఈ సీమ రచయితల వంతు. వంతు వచ్చినవాడు ఎత్తు వేయక కూర్చుండుట ఏ ఆటలోను న్యాయము కాదు.